మొరిత గారి సిక్సర్

ఒక పెద్దమనిషిని వేదిక మీదికి పిలిచి, శాలువా కప్పి, మెడలో దండ వేసి, అదే వేదిక మీద ఆయన పరువు తీయడం అందరికీ చేతనయ్యే పని కాదు. పగవాళ్లు కూడా ఇంత శ్రద్ధగా ఏర్పాట్లు చేసుకోరు. నేను చేశాను. హాలు బుక్ చేసి, సమోసాలు తెప్పించి, మైకు పనిచేస్తోందో లేదో చూసుకుని మరీ చేశాను. ఇది జరిగి నాలుగేళ్లవుతోంది. ఇప్పటికీ సింగపూర్ బెడోక్‌లో ఉండే తెలుగువాళ్లు నన్ను టిఫిన్ కొట్లుండే హాకర్ సెంటర్‌లో చూస్తే టీ కప్పు కింద పెట్టి నవ్వుకుంటారు. మీరూ నవ్వండి, నాకు అలవాటైపోయింది.

ముందు నా అర్హతలు చెప్పాలి. మాది కాకినాడ. చిన్నప్పుడు మా వీధి క్రికెట్ జట్టుకి నేనే ఓపెనింగ్ బ్యాట్స్‌మన్‌ని. ఆట వచ్చినందుకు కాదు, బ్యాట్ నాది కాబట్టి. బ్యాట్ ఉన్నవాడు ముందు ఆడతాడు. ఔటైతే ఒప్పుకోడు. ఒప్పించాలని చూస్తే బ్యాట్ చంకలో పెట్టుకుని ఇంటికెళ్లిపోతాడు. నా క్రీడాజీవితమంతా ఈ పద్ధతిలోనే నడిచింది. బౌలింగ్ అనేది బ్యాట్ లేనివాళ్లు చేసే పని అని నాకు అప్పుడే ఒక అభిప్రాయం ఏర్పడిపోయింది. తర్వాత ఇంజనీరింగ్ చదివాను, సింగపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, పొట్ట వచ్చింది. ఆ అభిప్రాయం మాత్రం కదల్లేదు. తర్వాత జరిగిన అనర్థమంతా దాని పుణ్యమే.

మా అమ్మాయి తన్వికి అప్పుడు పదమూడేళ్లు. దానికి క్రికెట్ నేర్పించాలని నేను కలలు కంటూ ఉండగానే, అది స్నేహితురాలి వెంట వెళ్లి బేస్‌బాల్‌లో చేరిపోయింది. శనివారం పొద్దున్న మా ఇంటికి దగ్గర్లోనే ఒక మైదానంలో ప్రాక్టీసు. కోచ్ పేరు మొరిత. జపాన్ ఆయన. అరవైకి దగ్గరపడిన వయసు, తెల్లబడిన జుట్టు, గుండ్రటి పొట్ట, పొదుపైన మాటలు. ఒకప్పుడు తన దేశంలో పెద్ద టీమ్‌కి ఆడిన ప్రొఫెషనల్ ఆటగాడని పిల్లల తల్లిదండ్రులు చెప్పుకునేవారు. ఏం ఆడారో, ఎలా ఆడారో పెద్దవాళ్లెవరికీ తెలియదు. అడిగితే "చాలా కాలమైంది" అని నవ్వేసి బ్యాట్ అందుకునేవారు.

ఆ బ్యాట్ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. నేను ఎప్పుడు వెళ్లినా ఆయన చేతిలో అదే ఉండేది. బంతిని కొంచెం పైకి ఎగరేసుకుని, పిల్లలు పరిగెత్తి పట్టుకునేలా ఎటు కావాలంటే అటు కొట్టేవారు. పిల్లలకి పట్టడం నేర్పాలంటే ఎవరో ఒకరు కొట్టాలి కాబట్టి బేస్‌బాల్ కోచ్‌లందరూ చేసే పనే అదని నాకు తర్వాత తెలిసింది. అప్పట్లో మాత్రం నేను ఒక్క చూపులో తేల్చేశాను. బ్యాట్ ఈయన చేతిలో ఉంది, కాబట్టి ఈయన బ్యాట్స్‌మన్.

ఒక శనివారం తన్వి ఏడుస్తూ ఇంటికొచ్చింది.

"కోచ్ ఈజ్ లీవింగ్, నాన్నా. సీజన్ అయిపోగానే జపాన్ వెళ్లిపోతారట."

"ఏమైందట ఆయనకి?"

"ఇక్కడ ఎవరికీ బేస్‌బాల్ అక్కర్లేదు, నేనుండి ఏం చేయాలి అన్నారు. ఆయన లేకపోతే టీమ్ క్లోజ్. నో అదర్ కోచ్, లా!"

మాట చివర ఆ 'లా' ఈ ఊరి అలవాటు. మోకాళ్లు చెక్కుకుపోయినా ఏడవని పిల్ల అది. ఆ టీమ్‌లో బంతి విసిరేది తనే. అన్నం తినేటప్పుడు కూడా ఎడమచేతిలో బేస్‌బాల్ తిప్పుతూ కూర్చుంటుంది. ఆ రోజు బంతిని బూట్ల దగ్గర పడేసి గదిలోకి వెళ్లిపోయింది. మా ఆవిడ సరితా నేనూ మొహమొహాలు చూసుకున్నాం. ఎలాగైనా ఆయన్ని ఆపాలి.

మన తెలుగువాళ్లం ఒక మనిషిని ఆపాలంటే ఏం చేస్తాం? సన్మానం చేస్తాం.

వెంటనే అప్పలనాయుడు అంకుల్ ఇంటికి వెళ్లాను. మా చుట్టుపక్కల బ్లాకుల్లోని తెలుగు కుటుంబాల సంఘానికి ఆయన అధ్యక్షుడు. మలేసియాలో పుట్టి, పనికోసం కుర్రతనంలోనే ఇటు వచ్చి, ఇక్కడే రిటైరైన మనిషి. తాతల నాటి తెలుగులో తమిళం, మలయ్ కలిపి మాట్లాడతారు.

"నల్ల ఐడియా తంబీ!" అన్నారు, తమిళంలో నల్ల అంటే మంచి అని. "మన పిల్లలు కూడా ఆడుతున్నారు కదా ఆయన దగ్గర. ఉగాది ఫంక్షన్‌లో పెట్టేద్దాం. ఆయనకి పరిచయం ఎవరు చెప్తారు?"

"నేనే అంకుల్."

"నీకు ఆ ఆట తెలుసునా?"

"బ్యాటూ బంతీ ఉన్న ఆట ఏదైనా నాకు తెలుసు."

సన్మాన సభలో పరిచయం అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. అతిథి గురించి అతిథికి కూడా తెలియని గొప్పలు చెప్పాలి. దానికి కొంత సరుకు కావాలి కదా అని ఆయన పేరుతో ఇంటర్నెట్‌లో వెతికాను. అంతా జపనీస్ రాతలు. వాటన్నిటికీ పైన ఒక పాత టీవీ వీడియో, లెక్కలేనంతమంది చూసింది.

కిక్కిరిసిన స్టేడియం. ఎవరో సన్నటి కుర్రాడు బంతి విసిరాడు. బేస్‌బాల్‌లో అతన్ని పిచ్చర్ అంటారు, నేను బౌలర్ అనుకున్నాను. హెల్మెట్ పెట్టుకున్న బ్యాట్స్‌మన్ లాగి ఒక్కటిచ్చాడు. బంతి లైట్ల మీదుగా వెళ్లి జనంలో పడింది. అంతే, స్టేడియం ఊగిపోయింది. ఆకాశంలో బాణాసంచా. బ్యాట్స్‌మన్ మైదానం చుట్టొచ్చేసరికి టీమంతా అతని మీద పడి వాటేసుకుంది. ఆ బౌలర్ మాత్రం ఉన్నచోటే చతికిలబడి టోపీ మొహం మీదికి లాక్కున్నాడు. కామెంటేటర్ గొంతు చించుకుని "మొరితా! మొరితా!" అని అరుస్తున్నాడు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? హెల్మెట్ నీడలో బ్యాట్స్‌మన్ మొహం సరిగ్గా కనబడలేదు గానీ, ఆ గడ్డం మాత్రం గట్టిగా నమ్మితే మొరిత గారిదే. నేను గట్టిగా నమ్మాను.

సరిత వెనక నిలబడి చూస్తోంది. "ఏవండీ, పైన ఏదో రాసుంది. దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చూడొచ్చు కదా?"

"సిక్సర్‌ని ఇంగ్లీషులోకి మార్చేదేముంది?"

"పోనీ తన్వికి ఒకసారి చూపించండి."

"సర్‌ప్రైజ్ సరితా! దానికి చూపిస్తే తెల్లారేసరికి కోచ్ చెవిలో పడుతుంది."

ఆవిడ ఇంకాసేపు చూసి, "ఆ కింద కూర్చున్న అబ్బాయి ఎవరో, పాపం," అంది.

"ఎవడో బౌలర్లే," అన్నాను.

ఆ 'ఎవడో' అన్న ముక్క తర్వాత నా నిద్ర చాలానే పాడుచేసింది. అప్పుడు మాత్రం హుషారుగా వీడియో వెనకాల డప్పుల మోత కలిపాను. ట్రోఫీలు అమ్మే కొట్టుకి వెళ్లి, బ్యాట్ పైకెత్తి నిలబడ్డ ఇత్తడి బొమ్మ ఒకటి కొన్నాను. బొమ్మ కాళ్లకి ప్యాడ్లున్నాయి, అది క్రికెట్ బొమ్మ. కాళ్లవైపు ఎవరు చూస్తారులే అనుకున్నాను.

ఉగాది ఫంక్షన్ రోజు హాలు నిండిపోయింది. ముందు వరుస కుర్చీల మీద సరిత టిష్యూ ప్యాకెట్లు పెట్టి చోప్ చేసింది. ఈ దేశంలో టిష్యూ ప్యాకెట్ పెట్టిన కుర్చీ జోలికి ఎంత మొండివాడైనా రాడు. మొరిత గారు నల్ల సూటు వేసుకుని చెప్పిన టైముకంటే ముందే వచ్చారు. తెలుగువాళ్ల ఫంక్షన్‌కి టైముకి వచ్చిన పాపానికి, కుర్చీలు సర్దడంలో సాయం కూడా చేశారు. తన్వి డాన్సు కోసం లోపలి గదిలో ముస్తాబవుతోంది. తలుపు దగ్గర నన్ను ఆపి, "నాన్నా, కోచ్ వెళ్లకుండా చెయ్యి, ప్లీజ్," అంది. "చూస్తూ ఉండు," అన్నాను.

శాలువా కప్పాం. దండ వేశాం. ఇత్తడి బొమ్మ చేతిలో పెట్టాం. ఆయన బొమ్మని అటూ ఇటూ తిప్పి, బ్యాట్ వైపు కొంచెం ఆశ్చర్యంగా చూసి, వంగి నమస్కారం పెట్టారు. వినయం అనుకున్నాను. ఎవరో ఆయన చేతికి సమోసా పళ్లెం కూడా ఇచ్చారు. నేను మైకు అందుకున్నాను. మొరిత గారికి అర్థం కావాలని ఒక మాట తెలుగులో, ఒక మాట ఇంగ్లీషులో చెప్పుకొచ్చాను.

"మిత్రులారా! ఈయన బ్యాట్ పట్టుకుంటే బౌలర్లు సెలవు పెట్టి ఇంటికి పోయేవారు!"

చప్పట్లు. మొరిత గారు సమోసా నమలడం ఆపి నా వైపు చూశారు.

"ఈయన కొట్టిన బంతులు కొన్ని ఇంకా కిందికి దిగలేదని జపాన్‌లో చెప్పుకుంటారు! మాటలెందుకు? మీరే కళ్లారా చూడండి!"

లైట్లు ఆరిపోయాయి. తెర మీద స్టేడియం. డప్పులు. బౌలర్ విసిరాడు, బ్యాట్స్‌మన్ బాదాడు. క్రికెట్ చూసి పెరిగిన జనం మనం. బంతి గాల్లోకి లేస్తే చాలు, ఎవరు కొట్టారు, ఎవరిని కొట్టారు అని ఆరా తీయం. హాలంతా ఈలలు. కాగితాలు చింపి ఎగరేశారు. వెనక వరుసలో ఎవరో కుర్చీ ఎక్కారు. నా కాళ్లు నేల మీద లేవు. టోపీలో మొహం దాచుకున్న బౌలర్ కనబడగానే వీడియో ఆపేసి, ఆ బొమ్మని అలాగే తెర నిండా నిలబెట్టాను.

"ఈ బౌలర్ మొహం చూడండి, పాపం! ఈయన ఇప్పుడు ఎక్కడున్నాడో!"

హాలు గొల్లుమంది. అప్పలనాయుడు అంకుల్ లేచి నిలబడి "వన్స్ మోర్!" అన్నారు. అధ్యక్షుడంతటివాడు అడిగాక కాదనడం మర్యాద కాదు. ఈసారి స్లో మోషన్‌లో వేశాను.

బంతి మెల్లగా లైట్ల దాకా వెళ్తుండగా, కాళ్లకి గజ్జెలతో తన్వి వేదిక మీదికి పరిగెత్తుకొచ్చింది.

"స్టాప్ ఇట్, నాన్నా! ఆపెయ్! అది కోచ్!"

"కోచే కదమ్మా. అందుకేగా వేసింది."

"బ్యాట్ పట్టుకున్నాయన కాదు! బాల్ వేసినాయన! అది ఫైనల్ మ్యాచ్. ఆ ఒక్క బాల్ వల్ల వాళ్ల టీమ్ ఓడిపోయింది! మా టీమ్‌లో అందరికీ తెలుసు!"

మైకు ఇంకా నా చేతిలోనే, ఆన్‌లోనే ఉంది. కాబట్టి ఈ సంగతి నాతోపాటు హాలందరికీ ఒకేసారి తెలిసింది. వెనక ఎక్కిన కుర్చీ మీంచి ఎవరో దిగిన చప్పుడు వినబడింది. "అలమాక్!" అన్నారు అప్పలనాయుడు అంకుల్, మలయ్‌లో మన 'అయ్యయ్యో' అది. అంత పెద్ద హాల్లో అదొక్కటే మాట. తెర మీద డప్పులు మోగుతూనే ఉన్నాయి. ఆపే బటన్ ఏదో నాకు గుర్తురాలేదు.

మొరిత గారి వైపు చూశాను. మొహం మీద నవ్వు అలాగే ఉంది గానీ, వేళ్లు శాలువా అంచుని మెలిపెడుతున్నాయి. అంత సిగ్గు నేను జన్మలో ఎరగను. భూమి చీలితే లోపలికి దూరిపోదామనిపించింది. అంతకంటే బాధ తన్విని చూస్తే వేసింది. ఆయన్ని ఆపమని ఈ పిల్ల అడిగితే, నేను ఆయనకి విమానం టిక్కెట్టు కొనిచ్చినంత పని చేశాను.

ఆయన మెల్లగా లేచి మైకు అడిగారు. ఇచ్చేశాను.

"ఆ బౌలర్ ఎక్కడున్నాడని ప్రసాద్-సాన్ అడిగారు," అన్నారు ఇంగ్లీషులో. ప్రసాద్ నేనే, సాన్ అంటే వాళ్ల భాషలో గారు. "ఇక్కడే ఉన్నాడు. సమోసా తింటున్నాడు."

నవ్వాలో వద్దో ఎవరికీ తెలియలేదు.

"మాది సముద్రం ఒడ్డున చిన్న ఊరు. చేపల మార్కెట్ గోడకి బంతి విసురుతూ పెరిగాను. ప్రొఫెషనల్ టీమ్‌లో నా పని ఒకటే. మేం గెలుస్తున్నప్పుడు చివర్లో వచ్చి ఆట ముగించాలి. చాలా ఏళ్లు ముగించాను. అవేవీ ఎవరికీ గుర్తులేవు. ఇది మాత్రం అందరికీ గుర్తుంది. ఇంకొక్కడు ఔటైతే కప్పు మాది." తెర వైపు ఒకసారి చూశారు. "తర్వాత టాక్సీ ఎక్కితే డ్రైవరు అద్దంలో చూసి అడిగేవాడు, ఆ బంతి ఎందుకు వేశావని. క్షవరానికి వెళ్తే అక్కడా అడిగేవారు. ఒకసారి మా అమ్మ కూడా అడిగింది. రెండేళ్లకి భుజం పోయింది, ఆట మానేశాను. ఎవరూ అడగని ఊరు కావాలని ఇక్కడికి వచ్చాను."

నేను తల దించుకున్నాను.

"నా మెడలో దండ వేసి, ఈ వీడియోకి ఈల వేసినవాళ్లు మీరే మొదటివాళ్లు," అన్నారు. "సింగపూర్‌లో ఎవరికీ బేస్‌బాల్ తెలియదని నాకు తెలుసు. ఇంత తెలియదని మాత్రం తెలియదు."

ముందు సరిత నవ్వింది. తర్వాత అంకుల్. తర్వాత హాలంతా. ఆయన చెయ్యెత్తి ఆపారు.

"మిమ్మల్ని ఈ స్థితిలో వదిలి వెళ్లడం తప్పు. ఇంకో సీజన్ ఉంటాను. ఒక షరతు. వచ్చే శనివారం ప్రసాద్-సాన్ మైదానానికి రావాలి. బ్యాట్ నేనిస్తాను."

తన్వి గజ్జెలు ఘల్లుమనేలా గెంతింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. సిగ్గూ సంతోషమూ ఒకేసారి వస్తే మనిషి ఎలా ఉంటాడో ఆ రోజు ఫొటోల్లో నా మొహం చూస్తే తెలుస్తుంది.

శనివారం మైదానానికి వెళ్లేసరికి పిల్లలు, తల్లిదండ్రులు, కుర్చీ తెచ్చుకుని మరీ అప్పలనాయుడు అంకుల్, అందరూ హాజరు. మొరిత గారు బ్యాట్ నా చేతికిచ్చి, తను మధ్యలో ఉన్న మట్టిదిబ్బ ఎక్కారు. అన్నాళ్లలో మైదానంలో ఆయన్ని బ్యాట్ లేకుండా చూడడం అదే మొదలు. ఆ పొట్టా ఆ తెల్లజుట్టూ చూసి, భుజం కూడా పోయిన మనిషి కదా, మెల్లగా కొడదాంలే అని జాలిపడ్డాను.

ఆయన కాలు ఎత్తడం చూశాను. తర్వాత నా వెనక ఫట్‌మని చప్పుడు వినబడింది.

"ఎప్పుడు వేస్తారు?" అని అడిగాను.

"వేసేశారు, నాన్నా," అంది తన్వి, ఫోన్‌లో వీడియో తీస్తూ.

రెండో బంతికి జాగ్రత్తగా కాలు ముందుకు పెట్టి, బ్యాట్ నేలకి ఆనించి, కాకినాడ పద్ధతిలో డిఫెన్స్ ఆడాను. బంతి నా ఛాతీ ఎత్తులో వెళ్లిపోయింది. అక్కడ కాపాడడానికి వికెట్లు లేవని అప్పుడు గుర్తొచ్చింది. మూడో బంతికి కళ్లు మూసుకుని బలమంతా పెట్టి తిప్పాను. బ్యాట్‌తోపాటు నేనూ తిరిగాను. తిరిగి తిరిగి, ఉన్నచోటే చతికిలబడ్డాను. టోపీ జారి మొహం మీద పడింది.

"ఔట్!" అన్నారు పిల్లలంతా. ఈ ఆటలో మూడు బంతులు తప్పితే ఔటేనట.

"నేను ఇంకా రెడీగా లేను! ఇది లెక్కలోకి రాదు!" అన్నాను టోపీ లోపలినుంచి.

"బ్యాట్ మనది కాదు నాన్నా," అంది తన్వి. నా చిన్ననాటి గొప్పలన్నీ దానికి నేనే చెప్పి ఉన్నాను.

ఇక్కడితో అయిపోయిందనే అనుకున్నాను. మరుసటి ఉగాదికి అదే హాలు, అవే కుర్చీలు. నేను పులిహోర పళ్లెంతో వెనక వరుసలో కూర్చున్నాను. అంకుల్ మైకులో "ఇప్పుడొక ప్రత్యేక కార్యక్రమం," అన్నారు. లైట్లు ఆరిపోయాయి. ఎక్కడో విన్న డప్పులు మోగాయి. తెర మీద, స్లో మోషన్‌లో, బ్యాట్‌తోపాటు గుండ్రంగా తిరుగుతూ నేను. చతికిలబడి, టోపీ మొహం మీద పడగానే బొమ్మ ఆగిపోయింది. సూటు మీద కిందటేటి శాలువా కప్పుకుని మొరిత గారు వేదిక మీదికి వచ్చారు. తన్వి దగ్గర ఎన్నాళ్లు నేర్చుకున్నారో గానీ, ఒక్కొక్క మాటా విడివిడిగా, శుభ్రమైన తెలుగులో అన్నారు.

"ఈ బ్యాట్స్‌మన్ మొహం చూడండి, పాపం! ఈయన ఇప్పుడు ఎక్కడున్నాడో!"

హాలు దద్దరిల్లింది. నేను లేచి నిలబడ్డాను. ఇంకేం చేయను?

"ఇక్కడే ఉన్నానండీ," అన్నాను. "పులిహోర తింటున్నాను."

ఆయన నన్ను వేదిక మీదికి పిలిచి, తన శాలువా తీసి నాకు కప్పి, సూటు జేబులోంచి ఆ ఇత్తడి బొమ్మ తీసి నా చేతిలో పెట్టారు. "ఇది బ్యాట్స్‌మన్," అన్నారు. "నా దగ్గర పొరపాటున ఉండిపోయింది." అప్పలనాయుడు అంకుల్ లేచి నిలబడి "వన్స్ మోర్!" అన్నారు. వేశారు.

ఇంకో సీజన్ అన్న మనిషి ఇంకా ఇక్కడే ఉన్నారు. తన్వి ఆటలు ముగించే పిచ్చర్ అయింది. ఇత్తడి బొమ్మ మా ఇంట్లో టీవీ పక్కన, ప్యాడ్లు కట్టుకుని, బ్యాట్ ఎత్తి, రాని బంతి కోసం చూస్తూ ఉంది. దాని మీద చెయ్యి వేసి, మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట భూమ్మీద ఏ ఆటలో ఎవరు ఎంత దూరం బాదినా సరే, ఆ బంతి వేసిన పెద్దమనిషి హాల్లో లేడని రూఢిగా తెలుసుకున్నాకే ఈల వేస్తాను. లేడని తేలినా, మెల్లగానే వేస్తాను.